కెమెరా ముందు గుమ్మడికాయ

భూపాల్ ఫోన్ చేస్తే మా అత్త లేచి నిలబడి మాట్లాడేది. అల్లుడేమో బడంగ్‌పేట్‌లో, ఈమె ఇబ్రహీంపట్నంలో. ఫోన్‌లో మొహం కనపడదు. అయినా కొంగు సర్దుకుని, నోట్లో వక్క ఉంటే ఉమ్మేసి, గోడకు ఆనుకోకుండా నిలబడేది. నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివాను. అధికారం అంటే ఏమిటో పుస్తకాల్లో కంటే మా అత్త ఫోన్ ఎత్తే తీరులోనే బాగా అర్థమైంది.

మొన్నటి చలికాలం ఆ ఫోన్లు దాదాపు రోజూ వచ్చేవి. దసరా అయిన తరువాత మా ఆడబిడ్డ కరుణ ఒక సూట్‌కేసుతో పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త భూపాల్ తాగడు, కొట్టడు. అనుమానిస్తాడు. కూరగాయలకు పోతే ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. ఫోన్ అడిగినప్పుడల్లా చూపించాలి. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోతే, ఎదురింటి కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో కూడా చెప్పాలి.

"ఆయనకు జవాబులు చెప్పుకుంట చెప్పుకుంట నాకు మాటలే ఒడిసిపోయినయి వదినా," అన్నది కరుణ వచ్చిన రోజు. తరువాత నిజంగానే పెద్దగా మాట్లాడలేదు.

సూట్‌కేసు విప్పుతానంటే మా అత్త మాణిక్యమ్మ విప్పనివ్వలేదు. అది ముందు గదిలో తలుపు పక్కనే ఉండేది. రోజూ పొద్దున దాన్ని ఇటు జరిపి, అటు జరిపి ఊడ్చేదాన్ని.

"ఎలక్షన్లు అయినంక పెద్దమనుషులను తోలుకొని వస్తా అన్నడు అల్లుడు. తీస్కపోతడు. గప్పటిదాంక ఉండనియ్," అనేది అత్త.

అది మున్సిపల్ ఎన్నికల కాలం. పెద్దమనుషులందరూ ఏదో ఒక జెండా కింద ఉన్నారు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరి కాపురం తెగినా అతికించే తీరిక ఎవరికీ లేదు. అందుకు మాత్రం నేను ప్రజాస్వామ్యానికి కృతజ్ఞురాలిని.

అత్తకు చెవులు కొంచెం మందం కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టేది. ఇల్లంతా వినపడేది.

"అత్తా, నీ బిడ్డ పొద్దుగాల ఎర్ర చీర కట్టుకొని ఎటు పోయింది?"

"జిరాక్స్ తీపిచ్చుకొస్తా అని పోయింది అల్లుడా."

"జిరాక్స్‌కు అంత పెద్ద బ్యాగెందుకు? వచ్చేటప్పుడు గేటు కాడ నిలబడి ఫోన్ల నవ్వుకుంట మాట్లాడింది. ఎవనితోని?"

చీర ఎర్రదే. బ్యాగు పెద్దదే. నవ్విన మాట కూడా నిజమే, ఫోన్‌లో మాట్లాడింది తుక్కుగూడలో ఏదో కంపెనీలో పనిచేసే తన స్నేహితురాలితో. అక్కడ ఉద్యోగం ఉందంటే కాగితాలు జిరాక్స్ తీయించుకుంది. కానీ అల్లుడు చెప్పిన మూడింట్లో మూడూ నిజమయ్యేసరికి, చెప్పని నాలుగోది కూడా నిజమేనని మా అత్త నమ్మడం మొదలుపెట్టింది.

"ఆయనకు గంత దూరంకెళ్లి అన్నీ ఎట్ల ఎరుకైతున్నయే?" అని నన్నే అడిగేది. తరువాత తనే తేల్చుకుంది. ఎదురింటి జంగమ్మ చెప్తోందని. జంగమ్మా మా అత్తా మధ్యాహ్నం పూట మా మెట్ల మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తూ, ఊళ్లో వాళ్లందరి మంచిచెడ్డలు చూసేవాళ్లు. ఆ చలికాలం మెట్లు ఖాళీ అయ్యాయి. జంగమ్మ ఒకటి రెండుసార్లు తన గేటు దగ్గర చేట పట్టుకుని నిలబడి ఇటు చూసి, లోపలికి పోయింది.

కరుణ చిక్కిపోతోంది. ఇంట్లో ఎవరికీ మనసు బాగాలేదు. అమావాస్య నాడు మా అత్త ఒక నిర్ణయానికి వచ్చింది.

"ఇంటి మీద ఎవరి కన్నో పడ్డది. గుమ్మడికాయ కట్టాలె."

బూడిద గుమ్మడికాయ మామూలుగా గుమ్మం మీద కడతారు. మా అత్తకు అది సరిపోలేదు. పడే కన్ను ఇంటి లోపలిదాకా ఎందుకు రావాలి, గేటు దగ్గరే ఆగాలి అన్నది. మా ఆయన సంజీవ బోరు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు. ఎత్తులెక్కడం అలవాటే. మేము పై అంతస్తు ఎప్పటికైనా కడతామని స్లాబు అంచున ఇనుప సలాకలు పైకి వదిలి ఉన్నాయి. వాటిలో గేటు వైపు వంగిన సలాకకు ఉట్టిలో పెట్టిన గుమ్మడికాయను వేలాడదీశాడు. పసుపు, కుంకుమ బొట్లతో పెద్ద కాయ, బరువుకు కిందికి దిగి నిలబడింది.

సరిగ్గా కెమెరా ముందు.

మా గోడను ఆనుకునే ఒక స్తంభం ఉంది. దానికి అంతకుముందు ఎండాకాలంలో కెమెరా పెట్టారు. పోలీస్ స్టేషన్ వాళ్లు మీటింగ్ పెట్టి చెప్పారు, కాలనీ కమిటీ పెట్టించింది. కమిటీ అధ్యక్షుడు పరమేశ్వర్ స్తంభానికి కొబ్బరికాయ కొట్టాడు. ప్లాట్ల వ్యాపారి. భూపాల్‌కు దోస్తు, కరుణ సంబంధం తెచ్చింది కూడా ఆయనే. ఇప్పుడు మా వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. ఆ రోజు ఫోటోలు దిగి అందరూ వెళ్లిపోయారు. తరువాత మేము కెమెరాను మరిచిపోయాం, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌ను మరిచిపోయినట్టు.

గుమ్మడికాయ కట్టిన మరునాటి నుంచి భూపాల్ ఫోన్ తీరు మారింది.

"కరుణ ఇంట్లనే ఉన్నదా అత్తా? ఏం చీర కట్టుకున్నది?"

ఇంతకుముందు ఆయన చెప్పేవాడు, ఇప్పుడు అడుగుతున్నాడు. రెండు మూడు రోజులు చూశాను. రోజూ అంతే. నేను గేటు దగ్గరికి పోయి తలెత్తి చూశాను. గుమ్మడికాయ, దాని వెనక కెమెరా మూతి. నేను పొలిటికల్ సైన్స్ మనిషిని కాబట్టి ఆ రెంటికీ సంబంధం కలపడానికి అన్ని రోజులు పట్టింది.

అప్పుడే కానిస్టేబుల్ ఐలేష్ బండి ఆపాడు.

"అక్కా, గా గుమ్మడికాయ జర పక్కకు కడ్తరా? కెమెరాకు అడ్డమైతున్నది."

"ఎవరికి అడ్డమైతున్నది తమ్మీ? మీరు రోజు చూస్తరా?"

"మేం ఏడ చూస్తమక్కా. దొంగతనమో యాక్సిడెంటో అయితే తెప్పిచ్చుకుంటం. కమిటోళ్ల ఫోన్లల్ల వస్తది. ఆళ్లే చెప్పిన్రు."

"కమిటీల ఎవరెవరి ఫోన్లల్ల?"

"గదంత నాకేం ఎరుక."

"మరి ఎవరు చూడాలె, ఎవరు చూడొద్దు, ఎన్ని దినాలు దాచిపెట్టాలె అని రూల్ ఏదన్న ఉంటది గద?"

ఐలేష్ నన్ను జాలిగా చూశాడు. "నన్నడిగితే ఎట్లక్కా, ఓటేసింది నాకా? ఎవరికి ఓటేసిన్రో ఆళ్లను అడుగున్రి."

"సరే. అడ్డముంటే నువ్వే పక్కకు జరుపు."

ఆయన గుమ్మడికాయను, దాని మీది కుంకుమను చూశాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను ముట్ట. ఇంట్ల పిల్లలున్నరు," అని వెళ్లిపోయాడు.

లీడర్లను అడగమన్న ఆ సలహా నాకు నచ్చింది. ఓటు అడగడానికి వచ్చేవాళ్లకు కొదవలేని రోజులవి. మొదట శ్రీశైలం వచ్చాడు, పోయినసారి కౌన్సిలర్. మెడలో కండువా, వెనక డప్పులు.

"శ్రీశైలమన్నా, మా ఇంటి ముందటి కెమెరా ఎవరు చూస్తున్నరే?"

"మనం గెలిస్తే ఈ గల్లీకి ఇంకో రెండు పెట్టిస్త చెల్లె. అటొకటి, ఇటొకటి."

"ఉన్నదాన్ని ఎవరు చూస్తున్నరు అంటున్న."

"కొత్తయి ఇంకా తేటగ వస్తయి. చీకట్ల గూడ కనవడ్తది," అన్నాడు. చేతిలో కరపత్రం పెట్టి ఎదురింటికి పోయాడు.

తరువాత చౌరస్తాలో సభ జరిగింది. పట్నం నుంచి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. అప్పుడు పేపర్ల నిండా పెద్దవాళ్ల ఫోన్లు దొంగచాటుగా విన్నారన్న గొడవే. ఆయన మైకు పట్టుకుని, "నా ఫోన్ విన్నరు. నా భార్యతోని మాట్లాడింది కూడ విన్నరు. నా ఇంట్ల నాకు స్వేచ్ఛ లేదా?" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను, మనస్ఫూర్తిగానే. సభ అయ్యాక సెల్ఫీల వరసలో నిలబడి ఆయన దగ్గరికి చేరాను.

"సార్, మీరు చెప్పింది నిజం. మా ఇంటి గడప మీద కూడ ఒక కెమెరా ఉన్నది. ఎవరు చూస్తున్నరో మాకు తెల్వదు. చట్టాలు చేసేది మీరే గద, దానికి ఒక హద్దు పెట్టున్రి."

"అది ఆడపిల్లల రక్షణ కోసం తల్లీ. తప్పు చెయ్యనోళ్లకు భయమెందుకు?"

ఆయన తన ఫోన్ గురించి అంత ఎందుకు బాధపడ్డాడో నాకప్పుడు కొంచెం అర్థమైనట్టు అనిపించింది.

"హద్దు సంగతి?"

"అది పోలీసోళ్లు చూస్కుంటరు," అని పక్కావిడ ఫోన్ వైపు నవ్వాడు.

పోలీసాయన లీడర్లను అడగమన్నాడు. లీడరు పోలీసులు చూసుకుంటారన్నాడు. ఇంటికి నడుస్తుంటే సాగర్ రోడ్డు పొడవునా అందరూ చేతులు జోడించి ఫ్లెక్సీల మీద నిలబడి ఉన్నారు. ఇంతమంది నాకు దండం పెడుతున్నారు, ఒక్కరూ జవాబు చెప్పరు.

ఇంట్లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఏమీ కనపడక భూపాల్‌కు ఉండబట్టలేదు. ఎన్నికల దాకా ఎందుకు, వచ్చే ఆదివారమే పరమేశ్వర్‌ను పట్టుకుని వస్తానన్నాడు. మా అత్త మొహం వెలిగిపోయింది.

"గుమ్మడికాయ పని చేసింది. అల్లుని మనసు మారింది," అని కరుణ చీరలు మడత పెట్టి సూట్‌కేసులో సర్దసాగింది. కరుణ అడ్డం చెప్పలేదు. తల్లి మడత పెట్టినవి చూస్తూ కూర్చుంది. కంపెనీ వాళ్లు సోమవారం నుంచి పనికి రమ్మన్నారు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. "ఇగ ఏం లాభం వదినా," అని కూడా అన్నది.

శనివారం పొద్దున సర్దిన సూట్‌కేసులోంచి కరుణ పసుపచ్చ చీర తీసి కట్టుకున్నాను. చలిగా ఉందని మొహానికి స్కార్ఫ్ చుట్టుకున్నాను. మేడెక్కి బట్టలారేసే కర్రతో గుమ్మడికాయను పక్కకు లాగి, ఉట్టి తాడును ఇంకో సలాకకు ముడివేశాను. సంజీవ అప్పుడే హెల్మెట్ పెట్టుకుని షాపుకు బయలుదేరుతున్నాడు.

"నన్ను మూల మీద దింపు," అన్నాను.

"కరుణ చీర ఎందుకు కట్టుకున్నవ్?"

"బాగలేదా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రమాదం ఆయన ఎప్పుడూ తెచ్చుకోలేదు. బండి స్టార్ట్ చేశాడు. నేను ఎక్కి, భుజం మీద చేయి వేసి కూర్చున్నాను. గేటు దాటేటప్పుడు కొంచెం దగ్గరగా జరిగాను కూడా. మూల మీద దిగి, వెనక సందులోంచి వచ్చి వంటింటి తలుపులో నిలబడ్డాను.

అత్తా కరుణా అనపకాయలు ఒలుస్తున్నారు. ఫోన్ మోగింది. అత్త లేచి నిలబడింది, కొంగు సర్దుకుంది.

"చూసినవా అత్తా నీ బిడ్డ బాగోతం? ఇప్పుడే పోయింది. పసుపచ్చ చీర, మొహానికి గుడ్డ. ఎవడో హెల్మెటోని బండి ఎక్కి, ఆని భుజం మీద చెయ్యేసి కూసున్నది. ఒకరు చెప్తే విన్నది కాదు. నా కండ్లతోని చూసిన."

అత్త కరుణను చూసింది. కరుణ ఒళ్లో చేట, చేటలో కాయలు. తరువాత తలుపు వైపు తిరిగి నన్ను చూసింది. నా చీరను చూసింది. స్కార్ఫ్ ఇంకా నా మెడలోనే ఉంది.

కాలితో పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నువ్వు బడంగ్‌పేట్ల ఉన్నవ్ గద అల్లుడా," అన్నది. "ఏ కండ్లతోని చూసినవ్?"

ఫోన్ కట్ అయింది.

"ఎట్ల చూస్తున్నడే?" అని అత్త నన్ను అడిగింది. చేయి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకుపోయి కెమెరాను చూపించాను. దాన్ని చాలాసేపు చూసింది. లోపలికి వచ్చింది. ఒలిచిన అనపగింజలు గిన్నె నిండా తీసుకుని, వీధి దాటి జంగమ్మ ఇంటికి పోయింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ వచ్చారు, మెట్ల మీద కూర్చున్నారు. నేను మేడెక్కి గుమ్మడికాయను మళ్లీ దాని చోటికి వదిలాను.

మరునాడు పొద్దున ఊడ్వబోతే గది పెద్దగా అనిపించింది. తలుపు పక్కన సూట్‌కేసు లేదు. సజ్జ మీద, పాత బిందెల వెనక ఉంది. చీరలు బీరువాలో ఉన్నాయి.

ఆదివారం భూపాల్ రాలేదు. పరమేశ్వర్ వచ్చాడు, కానీ ఓటు కోసం. డప్పులు, కండువాలు, వెనక ఇరవై మంది.

"పెద్దమ్మా, ఓటు మనకే. వదినా, గా గుమ్మడికాయ జర తియ్యిండ్రి. గల్లీ సేఫ్టీకి అడ్డమైతున్నది."

"కెమెరా ఎవరు చూస్తున్నరు పరమేశన్నా?" అన్నాను. అప్పటికి ఆ ప్రశ్న నాకు మంత్రంలా నోటికి వచ్చేసింది.

ఆయన మొహం విప్పారింది. ఈ ప్రశ్న ఎవరైనా అడగాలని ఎదురుచూస్తున్నవాడిలా ఫోన్ తీశాడు. "అంత మన కంట్రోల్లనే ఉంటది వదినా. రాండ్రి, అందరు చూడుండ్రి."

జంగమ్మతో పాటు గల్లీలో ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. తెర మీద ఇల్లు లేదు, వీధి లేదు. అంచు నుంచి అంచు దాకా గుమ్మడికాయ. కుంకుమ బొట్టు రంగుల్లో మస్తుగా కనపడుతోంది.

నవ్వులు ఆగాక జంగమ్మ అడిగింది. "ఇది ఇంకెవరెవరి ఫోన్లల్ల వస్తది పరమేశు?"

"జిమ్మేదార్ మనుషులకే, నమ్మినోళ్లకే ఇచ్చిన అక్కా. కమిటోళ్లకు, స్టేషనోళ్లకు. మన భూపాల్‌కు గూడ ఇచ్చిన. పరాయోడా ఏంది, ఈ ఇంటి అల్లుడే. భార్య మీద జర కన్నేసి ఉంచుతా అంటే కాదంటనా?"

మంచిపనే చేశానన్న నమ్మకం ఆయన గొంతులో ఉంది. అందుకే అంత తేటగా చెప్పాడు. చుట్టూ ఎవరూ నవ్వలేదు. ఒకావిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఇంకొకావిడ తన గేటు వైపు చూసుకుంది, ఆ గేటు ఆ కెమెరాకు ఎంత దూరమో కొలుస్తున్నట్టు.

"పరమేశూ," అన్నది మా అత్త. మెట్ల మీది నుంచి లేవలేదు. "అల్లుని ఫోన్లకెళ్లి తీసెయ్."

"పెద్దమ్మా, ఎలక్షన్లు కానీ, నిమ్మళంగ కూసొని మాట్లాడ్దం."

"తీసినంక ఓటుకు రా."

జంగమ్మ తన ఇంట్లోకి పోయి గేటు వేసుకుంది. పక్కావిడ వేసుకుంది. తరువాతి ఇంట్లో కూడా గడియ పడిన చప్పుడు. డప్పులవాళ్లు కొట్టాలా ఆపాలా తెలియక ఆపేశారు. ఓటర్లు లేని వీధి మధ్యలో నిలబడి పరమేశ్వర్ ఫోన్ మీద వేలితో ఏదో నొక్కాడు. తెర మా అత్తకు చూపించాడు. ఆమెకు కళ్లద్దాలు లేవు కాబట్టి నేను చూశాను. భూపాల్ పేరు పోయింది.

"ఇగ గుమ్మడికాయ?" అన్నాడు.

"గది ఉంటది," అన్నది అత్త.

సోమవారం కరుణ కంపెనీ బస్సెక్కింది. ఎర్ర చీర కట్టుకుంది, పెద్ద బ్యాగు వేసుకుంది. భూపాల్ ఫోన్లు ఇప్పుడూ అప్పుడప్పుడు వస్తాయి. మా అత్త కూర్చునే మాట్లాడుతుంది, ఒక్కోసారి పడుకుని. "రాను అంటున్నది అల్లుడా. ఆమెనే అడుగు, జవాబు చెప్పాలనుకుంటే చెప్తది," అంటుంది.

పరమేశ్వర్ గెలిచాడు. మా గల్లీ ఓట్లు ఎటు పడ్డాయో ఆయనకు తెలియదు. ఈ గల్లీలో ఎవరి కంటా పడకుండా మేము చేసే పని అదొక్కటే మిగిలింది. నేను ఎవరికి వేశానో మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ సీజన్‌లో నేను చాలామందికి రుణపడ్డాను. కాయను ముట్టనన్న ఐలేష్‌కు. చీర సంగతి రెండోసారి అడగని సంజీవకు. పై అంతస్తు కట్టలేక వదిలేసిన ఇనుప సలాకలకు. కన్ను గేటు దగ్గరే ఆగాలన్న మా అత్తకు అందరికంటే ఎక్కువ. తరువాతి అమావాస్యకు పాత కాయ మెత్తబడితే, కరుణే బస్సు దిగి వస్తూ కొత్తది తెచ్చింది. "జర పెద్దది తేవద్దా బిడ్డా," అని అత్త సణిగింది. అప్పటికి గల్లీలో ఇంకా మూడు నాలుగు గేట్లకు కాయలు వేలాడుతున్నాయి.

ఓటర్లకు ధన్యవాదాలు చెప్పడానికి కౌన్సిలర్ గారు మిఠాయి డబ్బాలతో వచ్చారు. స్తంభం కింద నిలబడి మా అత్త కాళ్లకు మొక్కారు. నేను చాయ్, బిస్కెట్లు ఇచ్చాను. ఇచ్చి, అలవాటుగా అడిగాను.

"పరమేశన్నా, ఇప్పుడు ఆ కెమెరాల ఎవరు ఏం చూస్తున్నరు?"

ఆయన పైకి చూశాడు. మెడ ఎత్తి, కొత్త గుమ్మడికాయను కింది నుంచి తనివితీరా చూశాడు. చాయ్ ఒక గుక్క తాగాడు.

"ఏం లేదు వదినా," అన్నాడు. "ఎవరు చూసినా గుమ్మడికాయే కనవడ్తది."

నేను ఓటేయడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఒక ప్రజాప్రతినిధి నా ప్రశ్నకు సూటిగా, నిజంగా జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఆయన సాసర్‌లో ఇంకో బిస్కెట్ వేశాను.